పుణ్యానికి పాయింట్లుంటాయా?

కజుమా అనే కుర్రాడు చనిపోయి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఓ దేవత ఉంటుంది. అతను చచ్చిన తీరు తలచుకుని పగలబడి నవ్వుతుంది. కొత్త లోకంలో బతకడానికి వెంట ఏదైనా ఒకటి కోరుకోమంటుంది. ఉక్రోషంతో అతను ఆ దేవతనే కోరుకుంటాడు. జపాన్ రచయిత నత్సుమే అకత్సుకి హాస్య నవలల వరస ‘కోనోసుబా’ ఇలా మొదలవుతుంది. 2013లో పుస్తకరూపంలో మొదలై 2020లో 17వ సంపుటంతో ముగిసింది.

ఎత్తుగడ గొప్పదే. చావు, పునర్జన్మ, దేవుడి జవాబుదారీతనం అన్నీ మొదటి పేజీల్లోనే రచయిత చేతికి వచ్చాయి. నిరాశంతా ఆ తర్వాతే. ఆ కొత్త లోకంలో సాహసికి ఒక కార్డు ఇస్తారు. బలం, తెలివి, అదృష్టం అందులో అంకెలై కనిపిస్తాయి. రాక్షసుల్ని చంపితే లెవెల్ పెరుగుతుంది. కజుమా ఒకటికి రెండుసార్లు చస్తాడు, మళ్ళీ లేచి వస్తాడు. పోయిన ప్రాణం తిరిగొస్తుందని తెలిశాక ధైర్యానికీ త్యాగానికీ విలువేముంది?

ధర్మాన్ని ఆటలో పెట్టడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. వైకుంఠపాళిలో సుగుణాలు నిచ్చెనలు, దుర్గుణాలు పాములు. అయితే పందెం ఎంత పడుతుందో ఆడేవాడి చేతిలో లేదు. పరమపదం దాకా వెళ్ళినవాడు కూడా పెద్దపాము నోట పడి కిందికి రావచ్చు. ఎక్కిన మెట్టు ఎవరికీ శాశ్వతం కాదన్న ఎరుక ఆ పటంలో ఉంది.

హాస్యం ఇంకా ముందుకు వెళ్ళగలదు. 1977లో వచ్చిన ‘యమగోల’లో ఎన్టీఆర్ పాత్ర యమలోకానికి వెళ్ళి యముణ్ణే నిలదీస్తుంది. పాపపుణ్యాల లెక్క రాసేవాళ్ళు తప్పు చేస్తే అడిగేదెవరు? ఆ ప్రశ్న ఉంది కాబట్టే ఆ నవ్వుకు బలం వచ్చింది.

పుణ్యం లెక్క గురించిన ప్రశ్న రాతిలోనూ ఎదురవుతుంది. అనకాపల్లి పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. లింగాలకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. చూసినవారికి ఇదీ పుణ్యం కూడబెట్టే లెక్కేనేమో అనిపించడం సహజం. కానీ బుద్ధుడు అంగుత్తర నికాయంలో కర్మ అంటే సంకల్పమేనని చెప్పాడు. ఒకరు పేరు కోసం, మరొకరు పోయిన తల్లి కోసం స్తూపం తొలిపించారనుకుందాం. రాయి ఒకటే, ఉలి ఒకటే. కర్మ మాత్రం ఒకటి కాదు.

ఈ తేడా ఏ కార్డుకీ అందదు.

మనిషి మనసులోకి వెళ్ళి దాన్ని పట్టుకోగలిగేది నవల. ‘కోనోసుబా’ ఆ పని వదిలేసి అంకెలతో, చిలిపి సన్నివేశాలతో సరిపెట్టుకుంది. నవ్వించింది, కాదనలేం. తాను లేవనెత్తిన ప్రశ్నలకు మాత్రం న్యాయం చేయలేదు. ఆటల లోకాలతో పెరిగిన తెలుగు కుర్రకారు రేపు ఇలాంటి నవలలు రాస్తారు, రాయాలి కూడా. లెవెళ్ళు పెట్టండి, రాక్షసుల్నీ పెట్టండి. మీ పాత్ర ఆ పని ఎందుకు చేసిందో కూడా పాఠకుడికి చెప్పండి.