పేరు తెలియని బాకీ

సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం. వరండా నిండా తంగేడు, గునుగు, బంతి పూలు. ఆరేళ్ళ తరవాత అమెరికా నుంచి పండక్కి వచ్చిన మా తమ్ముడు గునుగు కాడలు సమంగా కోస్తూ కోస్తూ, ఉన్నట్టుండి పెద్దగా నిట్టూర్చాడు.

“ఏందిరా?” అన్నాను.

“ఏం లేదక్కా. కాలేజీల ఉన్నప్పుడు ఒక ఇమేజ్‌బోర్డుకు రోజూ పోయేటోణ్ణి. మొన్న యాదికొచ్చి చూస్తే అది లేదు. మూతపడి ఎన్నేండ్లయిందో!”

“నీ స్నేహితులు ఉండేవాళ్ళా అందులో?”

“ఉండె. పేర్లు మాత్రం తెల్వదు. అక్కడ ఎవరికీ పేరుండదు.”

నాకు నవ్వాగలేదు. పేరు తెలియదు, ముఖం తెలియదు, ఊరు తెలియదు. అలాంటి వాళ్ళ కోసం బెంగట! సొంత మేనత్త పేరు అడిగితే రెండు నిమిషాలు ఆలోచించే మనిషి వీడు.

ఇమేజ్‌బోర్డు అంటే ఏమిటో నాలాగే మీకూ తెలియకపోవచ్చు. వాడు చెప్పింది చెబుతాను. ఎవరో ఒక బొమ్మ పెడతారు. దాని కింద వచ్చేపోయేవాళ్ళు తోచింది రాస్తారు. సభ్యత్వం అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. రాసిన ప్రతివాడూ ‘అజ్ఞాత’. జపాన్‌లో 2001లో ఫుటబా అనే బోర్డు వచ్చింది. దాన్ని చూసి 2003లో క్రిస్టఫర్ పూల్ అనే పదిహేనేళ్ళ అమెరికా కుర్రాడు ఫోర్‌చాన్ మొదలుపెట్టాడు. ఆ దారిలో చిన్నా చితకా బోర్డులు ఎన్నో పుట్టాయి, ఎన్నో పోయాయి. ఇంకో తమాషా ఏమిటంటే, అక్కడ రాసింది నిలవదు. కొత్తది పైన చేరినకొద్దీ పాతది కిందికి జారి, చివరి పేజీ దాటగానే చెరిగిపోతుంది. మన వాకిట్లో ముగ్గులాగా అన్నమాట. తెల్లారితే ఇంకో ముగ్గు.

నవ్వాను గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నాకూ ఒక ఆర్కుట్ ఉంది. ఉండేది, అనాలి.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గూగుల్ వాళ్ళు 2004 జనవరిలో మొదలుపెట్టారు. దాన్ని తయారుచేసిన ఇంజనీరు పేరు ఆర్కుట్, ఆ పేరే దానికీ పెట్టారు. బ్రెజిల్‌లోనూ మన దేశంలోనూ జనం విరగబడ్డారు. స్క్రాప్‌బుక్కులూ, టెస్టిమోనియల్సూ, ఊరికో కమ్యూనిటీ, హీరోకో కమ్యూనిటీ. అబ్బో, ఆ సందడే వేరు!

2007లో నాకు మూడో నెలలో గర్భం పోయింది. ఇంట్లో అందరూ మంచివాళ్ళే. “మళ్ళీ అవుతుందిలే” అన్నారు. “ఇక ఆ మాట ఎత్తకు” అన్నారు. ఎత్తకుండా ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మావారు ఆఫీసుకి వెళ్ళాక, హన్మకొండ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్లో ప్లైవుడ్ చెక్కల మధ్య కూర్చుని, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చుకుంటూ, మారుపేరుతో ఒక కమ్యూనిటీలో నా గోడు రాసుకున్నాను.

మర్నాడు జవాబు వచ్చింది. ఆవిడదీ మారుపేరే. ఫోటో ఉండాల్సిన చోట మందార పువ్వు. తనకి రెండుసార్లు అలా జరిగిందని రాసింది. ఏడుపొస్తే ఏడవండి, తప్పేం లేదు అంది. నెలరోజులు, రోజుకో నాలుగు ముక్కలు. మా అమ్మతో చెప్పుకోలేనివి ఆవిడతో చెప్పుకున్నాను. ఆవిడకి నా ముఖం తెలియదు గనకే చెప్పుకోగలిగాను.

మరుసటేడు పాప పుట్టింది. మళ్ళీ ఆ వైపు చూస్తే ఒట్టు! 2014 జూన్ 30న ఆర్కుట్ మూసేస్తామని చెప్పారు, సెప్టెంబరు 30న మూసేశారు. మూడు నెలల గడువు. ఆ మూడు నెలల్లో ఒక్క పూట వెళ్ళి, ‘నాకు పాప పుట్టిందండీ, మీ మేలు మరచిపోలేను’ అని రాసి ఉండవచ్చు. రాయలేదు. పిల్ల బడి, హోంవర్కు, సీరియల్‌కి పంపాల్సిన భాగం. ఇప్పుడు రాద్దామంటే చిరునామా లేదు. అన్యాయంగా మూసేశారని ఎవర్నో అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళు తాళం వెయ్యకముందే నేను ఆ గడప దిగి వచ్చేశాను.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, “నీది మంచి బాకీ అక్కా. నాది చెడ్డది” అన్నాడు.

ఆ బోర్డులో ఎవరో ఒక అమ్మాయి ఫోటో ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి పెట్టారట. దాని కింద ఒకణ్ణి మించి ఒకడు వెక్కిరిస్తూ రాశారట.

“నేను గూడ రాసిన. అందరు నవ్విన్రు. మస్తు సంబురమైంది అప్పుడు. ఇయ్యాళ నా బిడ్డకు పదమూడేండ్లు. ఆ పిల్ల అది చూసిందో ఏమో అక్కా!”

ఆ రోజుల్ని తలచుకుని నిట్టూర్చేవాళ్ళు ఈ సంగతి చెప్పరు. 2014లోనే హాలీవుడ్ నటీమణుల సొంత ఫోటోలు దొంగిలించి ఫోర్‌చాన్‌లో లోకమంతటికీ పంచారు. పేరు తీసేస్తే సిగ్గు పోతుంది. సిగ్గు పోయినవాళ్ళు మనసు విప్పి ఏడవనూ గలరు, ఇంకొకర్ని ఏడిపించనూ గలరు. నన్ను దాచి ఓదార్చిన చీకటీ, మా తమ్ముణ్ణి దాచి నవ్వించిన చీకటీ ఒకటే. మరి అలాంటి చోటు పోయిందని బెంగ పెట్టుకోవడం న్యాయమేనా?

ఆలోచించగా నాకు ఇలా అనిపించింది. పేరున్న లోకంలో బాకీ పడితే తీర్చుకునే దారి ఉంటుంది. ఇంటికి వెళ్ళి చేతులు పట్టుకోవచ్చు, తప్పయిపోయిందని ఉత్తరం రాయవచ్చు. పేరు లేనిచోట కృతజ్ఞతకీ చిరునామా లేదు, క్షమాపణకీ లేదు. ఆ రోజులే వేరు అని మేమిద్దరం నిట్టూర్చామే, అందులో సగం ఈ తీరని బాకీ బరువే.

సాయంత్రం పద్మాక్షి గుట్టకి వెళ్ళాం. ఎటు చూసినా బతుకమ్మలే. నా పక్కన చప్పట్లు కొడుతూ తిరిగే ఆవిడ ఎవరో నాకు తెలియదు. పాడే పాట ఎవరు కట్టారో అక్కడ ఎవరికీ తెలియదు. పొద్దంతా పేర్చిన పూలని మన చేతులతోనే నీళ్ళలో వదిలేస్తాం. ఇక్కడా పేరు లేదు, నిలవడమూ లేదు. కాకపోతే పక్కనావిడ ముఖం కనిపిస్తుంది. కాలు తొక్కితే “అయ్యో” అంటాం. మరి ఆ పాట కట్టిన తల్లి బాకీ ఎలా తీరుస్తున్నాం? చిన్నపిల్లల్ని పక్కన నిలబెట్టుకుని వాళ్ళకి నేర్పి. ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇవ్వలేనప్పుడు ఎదుటపడ్డవాళ్ళకి ఇవ్వడమే మార్గం.

ఆ రాత్రి తమ్ముడు కూతుర్ని కూర్చోబెట్టుకుని, తను చేసిన పని దాచకుండా చెప్పాడు. ఆ పిల్ల రెండు రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. మంచిదే అనుకున్నాను.

ఇక నా సంగతి. నవలలు రాసేదాన్ని గనక నాకు ఉత్తరాలూ మెసేజీలూ వస్తుంటాయి. ‘దయచేసి నా పేరు అడగకండి’ అని మొదలయ్యేవాటిని పక్కన పడేసేదాన్ని. పేరు చెప్పుకునే ధైర్యం లేనివాళ్ళకి నేనేం చెప్పాలి అని అహంకారం. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ ‘ప్రమదావనం’లో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు రాశారు. మా అమ్మ వాటిని కత్తిరించి బీరువాలో దాచుకునేది. అది చూస్తూ పెరిగిన నాకు ఆ మాత్రం తెలియకపోయింది!

పండగ మర్నాడు అలాంటి మెసేజీ ఒకటి వెతికి తీశాను. వచ్చి నాలుగు నెలలయింది. ఆలస్యానికి క్షమించమని అడిగి, తీరిగ్గా జవాబు రాసి, కింద నా పేరు పెట్టాను. నా ఫోటో ఉండే చోట మాత్రం ఒక మందార పువ్వు పెట్టుకున్నాను.