అనుకార్యుడే రంగం మీదికి వస్తే: సమకాలీన యూరప్ నాటకరంగంలో ఒక నైతిక ప్రశ్న

భారతీయ లాక్షణికుల నాట్యచింతనలో అనుకార్యుడు వేరు, అనుకర్త వేరు. రాముడు అనుకార్యుడు, రాముని వేషం ధరించిన నటుడు అనుకర్త. నాట్యమంటే అవస్థల అనుకరణమని నిర్వచించిన దశరూపకకర్త ధనంజయుడు, రసం అనుకార్యునికి చెందదని, అతడు ఏనాడో గతించినవాడని, ఆస్వాదం ఎదుట కూర్చున్న సామాజికునిదేనని తేల్చాడు. శంకుకుడు చిత్రతురగ న్యాయాన్ని ప్రతిపాదించాడు. గోడమీది గుర్రపు బొమ్మను చూసినవాడు అది నిజమైన గుర్రమని నమ్మడు. గుర్రం కాదని తోసిపుచ్చడు. అవునా కాదా అని సందేహించడు. గుర్రంలా ఉందని పోల్చి ఊరుకోడు. ఈ నాలుగింటికీ భిన్నమైన ప్రతీతి అతనికి కలుగుతుంది. నటుణ్ణి రామునిగా గ్రహించడం కూడా అటువంటిదే.

ఈ చర్చలన్నీ ప్రధానంగా జ్ఞానానికి సంబంధించినవి. రసం ఎవరిది, ప్రేక్షకుడు పొందే ప్రతీతి ఏ జాతికి చెందినది అన్నవే అందులోని ప్రశ్నలు. అయితే అనుకార్యునికీ అనుకర్తకూ నడుమ ఉన్న ఎడానికి మరొక ప్రయోజనం కూడా ఉన్నదేమో ఆలోచించవలసి ఉంది. ఆ ఎడం ఎవరినైనా కాపాడుతున్నదా? లాక్షణికులకు ఈ ప్రశ్న ఎదురుకాలేదు. వారి కాలంలో అనుకార్యుడు తానే వచ్చి రంగం మీద నిలబడి తన కథ తాను చెప్పుకొన్న సందర్భం లేదు. గత పాతికేళ్లుగా యూరప్ నాటకరంగంలో జరుగుతున్నది సరిగ్గా అదే.

జర్మన్ నాటక పండితుడు హాన్స్-థీస్ లేమన్ 1999లో వెలువరించిన గ్రంథంలో ఈ కొత్త రంగప్రయోగాలకు ‘పోస్ట్‌డ్రమాటిక్’ అని పేరుపెట్టాడు. నాటక రచన ఆధిపత్యం సడలి, శరీరం, కాలం, స్థలం, ధ్వని దానితో సమాన ప్రతిపత్తి పొందడం వీటి సామాన్య స్వభావం. కల్పితలోకంలోకి నిజం చొరబడడం వీటిలో లేమన్ గుర్తించిన లక్షణాల్లో ఒకటి. 2000 సంవత్సరం నుంచి హెల్గార్డ్ హౌగ్, ష్టెఫాన్ కేగీ, డానియెల్ వెట్జెల్ కలిసి పనిచేస్తున్న రిమిని ప్రోటోకోల్ బృందం ఈ చొరబాటునే తన పద్ధతిగా చేసుకొంది. వారి వేదిక మీద నటులకు బదులు తమ తమ జీవితాలలో అనుభవం గడించినవారు నిలబడతారు. వారిని ఆ బృందం ‘రోజువారీ జీవితపు నిపుణులు’ అంటుంది. షిల్లర్ రాసిన ‘వాలెన్‌స్టైన్’ను 2005లో ప్రయోగించినప్పుడు, యుద్ధం చూసిన మాజీ సైనికులను, ఎన్నికల్లో దెబ్బతిన్న ఒక స్థానిక రాజకీయ నాయకుణ్ణి రంగం మీదికి తెచ్చారు.

ఈ మార్పు వెనుక ఉన్నది కొత్తదనం మీది మోజు మాత్రమే అనుకోవడం అన్యాయం. నెలజీతం తీసుకొనే, శిక్షణ పొందిన, మధ్యతరగతి నటుడు ఒక శరణార్థి వేషం కట్టి కన్నీరు పెట్టుకొంటే, ఆ కన్నీటికి అతనికి ఏం హక్కు ఉంది? ఒకరి బాధను మరొకరు పలికి చప్పట్లు అందుకోవడం ఏ న్యాయం? ఈ ప్రశ్న నైతికమైనది, బలమైనది కూడా. దానికి దొరికిన జవాబు: ఎవరి కథ వారినే చెప్పనివ్వడం. ఈ జవాబు ప్రశ్నను పరిష్కరించిందా, లేక మరొక చోటికి జరిపిందా అన్నదే ఇక్కడి పరిశీలన.

నిజమైన దుఃఖాన్ని రంగం మీదికి తేవడం యూరప్‌కు ఒక పాత తగవు. పర్షియన్లు మిలెటస్ నగరాన్ని ధ్వంసం చేసిన కొద్దికాలానికే ఫ్రినికస్ ఆ పతనాన్ని నాటకంగా ప్రదర్శించాడు. ప్రేక్షకులంతా విలపించారని, తమ సొంత ఆపదలను గుర్తుచేసినందుకు ఏథెన్స్ పౌరులు కవికి వెయ్యి ద్రాక్మాల జరిమానా విధించి, ఆ నాటకాన్ని మళ్లీ ఎవరూ ఆడరాదని శాసించారని హెరడోటస్ నమోదు చేశాడు. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ ‘పర్షియన్లు’ ప్రదర్శిస్తే అటువంటి ఆటంకం రాలేదు. అందులో ఏడ్చేవారు శత్రువులు. రంగం మీది దుఃఖం ఎవరిది, చూస్తున్నది ఎవరు అన్న లెక్క ఆనాడే మొదలైందన్నమాట.

ఈనాడు ఆ లెక్కను బాహాటంగా నియమావళిగా రాసినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన దర్శకుడు మీలో రౌ. 2018లో బెల్జియంలోని గెంట్ నగర నాటకశాల ఎన్‌టీగెంట్ కళాదర్శకత్వం స్వీకరిస్తూ అతడు పది నియమాల ప్రకటన వెలువరించాడు. ప్రపంచాన్ని చిత్రించడం చాలదు, మార్చాలి అన్నది మొదటి నియమం. ప్రాచీన నాటకాలను యథాతథంగా అనుసరించడం నిషిద్ధం. మూలపాఠం ప్రదర్శనలో 20 శాతానికి మించరాదు. సెట్టింగు మొత్తం 20 ఘనమీటర్లకు మించకూడదు, అంటే మామూలు లైసెన్సు ఉన్న మనిషి నడపగల వ్యానులో పట్టాలి. ఏడవ నియమం ప్రకారం రంగం మీద ఉన్నవారిలో కనీసం ఇద్దరు వృత్తినటులు కాకూడదు. జంతువులు లెక్కలోకి రావన్న చమత్కారం కూడా ఆ నియమంలో ఉంది. పదవ నియమం ప్రకారం ప్రతి ప్రదర్శననూ కనీసం మూడు దేశాలలో పది చోట్ల ఆడాలి.

ఏడవ నియమాన్నీ పదవ నియమాన్నీ కలిపి చదివితే ఒక విషయం తేలుతుంది. నటన వృత్తిగా లేని మనిషి, తన జీవితానుభవం కారణంగా ఎంపికైన మనిషి, మూడు దేశాలలో కనీసం పదిసార్లు రంగం మీద నిలబడాలి. సంచార ప్రదర్శనలకు అనువుగా సెట్టింగును వ్యానులో పట్టించినట్టు మనిషి అనుభవాన్ని కూడా సర్దవలసి వస్తుంది. నియమావళిలో దీని ప్రస్తావన లేదు. వృత్తినటులు కానివారికి స్థానం ఇవ్వడం ఔదార్యమే. ఆ ఔదార్యపు భారం ఎవరి మీద పడుతుందో నియమం చెప్పదు.

భారం పునరావృత్తిలో ఉంది. మొదటి సాయంత్రం ఒక మనిషి తన అన్న ఎట్లా చనిపోయాడో చెప్పినప్పుడు అది సాక్ష్యం. పదవ సాయంత్రానికి అది పాత్ర అవుతుంది. నిన్న ఏ వాక్యం దగ్గర సభ నిశ్శబ్దమైందో ఈరోజు అతనికి తెలుసు. ఆ వాక్యానికి ముందు ఒక క్షణం ఆగడం అతనికి తెలియకుండానే అలవడుతుంది. ఇందులో మోసం లేదు. రంగస్థలం స్వభావమే అంత. దాని మీద రెండోసారి పలికిన ప్రతి మాటా వాచికాభినయమే. అయితే వృత్తినటుడికి ఈ పరిణామం తెలుసు. పాత్రలోకి వెళ్లడం, బయటికి రావడం, వేషం తీసి ముఖం కడుక్కొని ఇంటికి పోవడం అతని విద్యలో భాగం. తానే తన పాత్ర అయిన మనిషి ముఖం కడుక్కొని ఏ ముఖంతో ఇంటికి పోవాలి? సాధన మొదలయ్యేనాడు అతడు ఇచ్చిన సమ్మతి మనస్ఫూర్తిదే కావచ్చు. కానీ పదవ సాయంత్రం తన దుఃఖం తనకే అరిగిపోయిన మాటలా వినిపించడం ఎటువంటిదో తెలిసి ఇచ్చిన సమ్మతి కాదు అది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. ఎదిగిన మనుషుల తరఫున ఇతరులు ఇంత భయపడడం మరో రకమైన పెత్తనం కాదా? ఫ్రెంచి నృత్యదర్శకుడు జెరోమ్ బెల్ 2012లో జ్యూరిక్‌లోని థియేటర్ హోరా కళాకారులతో చేసిన ‘డిజేబుల్డ్ థియేటర్’ ఈ ఆక్షేపణకు ఉత్తమ నిదర్శనం. ఆ బృందంలోని వారంతా మేధోవైకల్యం ఉన్నవారు. ప్రదర్శన అంతా దర్శకుడు వారికి ఇచ్చిన పనుల వరుస. ఒక్కొక్కరు వచ్చి ఒక నిమిషం ప్రేక్షకుల ఎదుట ఊరికే నిలబడాలి. పేరు, వయసు, వృత్తి చెప్పాలి. తమ వైకల్యం ఏమిటో చెప్పాలి. తాము ఎంచుకొన్న పాటకు తామే కూర్చుకొన్న నృత్యం చేయాలి. చివర ఈ ప్రదర్శన గురించి తమ అభిప్రాయం చెప్పాలి. తమ ఇంటివారు ఇది చూసి నొచ్చుకొన్న సంగతి కూడా అక్కడే, ప్రేక్షకుల ముందే బయటికి వస్తుంది.

వైకల్యం పేరు చెప్పించిన ఘట్టం మీద విమర్శ చాలా వచ్చింది, అది న్యాయమైనదే. కానీ దానికి ముందు ఘట్టాన్ని విమర్శకులు అంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. వృత్తి ఏమిటని అడిగితే వారు తాము నటులమని చెబుతారు. అది వాస్తవం, హోరా వృత్తినాటక బృందం. ప్రేక్షకుడు వారిని తమ స్థితికి సాక్షులుగా, అనుకార్యులుగా చూడటానికి వచ్చాడు; వారు తాము అనుకర్తలమని సమాధానం చెప్పారు. ఆ ఒక్క మాటతో వారు ఎడాన్ని తిరిగి అడిగి పుచ్చుకొన్నారు. దర్శకుడు చెరిపిన గీతను నటులే మళ్లీ గీశారు. పెత్తనం గురించిన ఆక్షేపణ ఇందువల్ల వీగిపోదు గాని దాని దిశ మారుతుంది. రక్షణ అన్నది పైవారు దయతో ఇచ్చేది కాకపోవచ్చు. నటుడనే హోదాలోనే అది ఉండవచ్చు.

మీలో రౌ ప్రయోగాలలో రెండింటిని ఈ కోణంలో పోల్చి చూడాలి. 2016లో గెంట్ నగరంలోని కాంపో సంస్థతో చేసిన ‘ఫైవ్ ఈజీ పీసెస్’లో 8 నుంచి 13 ఏళ్ల పిల్లలు, పిల్లలను అపహరించి చంపిన మార్క్ దుత్రూ ఉదంతాన్ని అభినయిస్తారు. రంగం మీద ఒకే ఒక పెద్దవాడు ఉంటాడు, దర్శకుని పాత్రలో. బందీ అయిన బాలిక ఘట్టంలో అతడు ఆ పాత్రధారిణిని దుస్తులు తీయమంటాడు, ఆమె వెనకాడుతుంది. నేరంలోని బలవంతమూ దర్శకత్వంలోని బలవంతమూ ఒకే పోలికలో ఉన్నాయని చూపడం ఆ ఘట్టం ఉద్దేశం. ప్రశంసించినవారు ఈ ఆత్మవిమర్శనే ప్రశంసించారు. కానీ బలవంతాన్ని బయటపెట్టడం వేరు, మానడం వేరు. దర్శకుడు తన అధికారాన్ని తానే ఎండగట్టుకొన్నంత మాత్రాన ఆ ఘట్టం ప్రతి ప్రదర్శనలోనూ మళ్లీ జరగక మానదు.

2018లో బ్రసెల్స్‌లో మొదలైన ‘లా రిప్రీజ్’ మరింత పరిణతి గల ప్రయోగం. 2012లో లియేజ్ నగరంలో ఇహ్సాన్ జర్ఫీ అనే యువకుణ్ణి, అతడు స్వలింగ ప్రేమికుడన్న కారణంగా, కారులో తీసుకుపోయి కొట్టి చంపారు. ఆ ఉదంతాన్ని ఐదు అంకాల దుఃఖాంతంగా మలిచారు. నటవర్గం బాధితుని తల్లిదండ్రులను కలిసింది. జైలులో ఉన్న హంతకులలో ఒకరితో మాట్లాడింది. కానీ వారిలో ఎవరినీ రంగం మీదికి తేలేదు. నియమం ప్రకారం వృత్తినటులు కాని ఇద్దరు స్థానికులు ఉన్నారు. ఎంపిక దృశ్యంలో తమ గురించి కొంత చెప్పినా, అటుపైన వారు ధరించేది ఇతరుల పాత్రలను. గోదాముల్లో పనిచేసిన ఒక మనిషి హంతకుని పాత్ర ధరిస్తాడు. ఇద్దరి బతుకుల్లో ఎంత పోలిక ఉందో చెబుతాడు, అయినా తాను అతడు కాదు. ఏడవ నియమం ఇక్కడ ఒక మనిషిని అనుకర్తగా మార్చింది. హత్యాఘట్టాన్ని దీర్ఘంగా, సూటిగా చూపారు. మరణాన్ని ప్రత్యక్షంగా చూపక ప్రవేశకాదులతో సూచించాలన్న నాట్యశాస్త్ర నియమం ఎరిగినవారికి అది అతిగానే తోస్తుంది. ఆ అభ్యంతరం అట్లా ఉండగా, ప్రతి రాత్రీ అక్కడ దెబ్బలు తినేది ఒక వృత్తినటుడు, లేచి నమస్కరించి వెళ్లగలవాడు. జర్ఫీ తండ్రి ప్రతి ఊరిలో నిలబడి కొడుకు చావును చెప్పవలసిన అవసరం రాలేదు.

భారతదేశానికి సంబంధించిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. రిమిని ప్రోటోకోల్ 2005లో చేసిన ‘కాల్ కట్టా’లో ప్రేక్షకుడు బెర్లిన్ వీధుల్లో సెల్‌ఫోను పట్టుకొని ఒంటరిగా నడుస్తాడు, కోల్‌కతాలోని కాల్‌సెంటరు ఉద్యోగి ఫోనులో దారి చూపుతూ, సుభాస్ చంద్రబోస్ బెర్లిన్‌లో గడిపిన రోజుల ఆనవాళ్ల మీదుగా నడిపిస్తుంది. ఆమె నిజమైన ఉద్యోగే. అయితే తెచ్చిపెట్టుకొన్న పేరుతో, మలచుకొన్న గొంతుతో మాట్లాడడం కాల్‌సెంటరు కొలువులో రోజూ ఉన్నదే. ఆ కొలువే ఆమెకు ఒక ఆహార్యం. ఆమె చెప్పినదాంట్లో ఏది తన కథ, ఏది రాసి ఇచ్చిన కథ అన్నది బెర్లిన్‌లో నడిచినవానికి తేలదు. దాచుకొనే వీలు ఆమె చేతిలోనే ఉంది.

2019 నాటి ‘ఒరెస్టెస్ ఇన్ మోసుల్’ ఇందుకు భిన్నం. ఐసిస్ విధ్వంసం తర్వాత ఇరాక్‌లోని మోసుల్ నగరంలో సాధన చేసి, అక్కడివారిని నటవర్గంలో చేర్చుకొన్న ప్రయోగం అది. యుద్ధభూమిలో పనిచేయాలన్న తొమ్మిదవ నియమానికి నిండైన ఉదాహరణ. యూరప్ వేదికల మీద మాత్రం మోసుల్ కళాకారులు తెరమీది చిత్రాలుగానే కనిపించారు. యూరప్ నటులు మాత్రం రంగం మీద సశరీరులుగా ఉన్నారు. వారి దుఃఖానికి దొరికిన ప్రవేశం వారి దేహాలకు దొరకలేదు.

ఈ ప్రయోగాలను రససిద్ధాంతంతో తూచి, లోపం ఎంచడం అసందర్భం. అవి రసాన్ని కోరినవి కావు. సాధారణీకరణానికి అడ్డుపడడమే వాటి ధ్యేయం. ‘ఒక మనిషి’ అని కాక ‘ఈ మనిషి’ అని చూపాలన్నది వాటి పట్టుదల. పరగతమైన దేశకాలవిశేషాలలో మనసు చిక్కుకోవడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాలలో ఒకటిగా లెక్కించాడు. వీరికి ఆ చిక్కుకోవడమే సిద్ధి. అయినా అభినవగుప్తుని లెక్కలో వీరికి పనికివచ్చే అంశం ఒకటి ఉంది. విశేషం తొలగినప్పుడు ప్రేక్షకునికి ఆస్వాదం కలగడం ఒక ఫలితం; ఎవరి విశేషం తొలగిందో ఆ మనిషి ప్రేక్షకుని చూపు నుంచి విముక్తుడు కావడం మరొకటి. మొదటి ఫలితాన్ని లాక్షణికులు విస్తరించి చర్చించారు. రెండవది వారి సిద్ధాంతంలో ఉంది గాని వారి చర్చలో లేదు.

పరిశోధకులకు కూడా ఇందులో ఒక వాటా ఉంది. ప్రదర్శన పదిచోట్ల ఆడి ఆగిపోతుంది, వ్యాసం ఆగదు. ‘డిజేబుల్డ్ థియేటర్’ మీద రాసేవారు ఎవరు ఏ వైకల్యం పేరు చెప్పారో ఉటంకించినప్పుడల్లా ఆ నిమిషం మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఆ మనిషి చప్పట్లు అందుకొనే వీలు కూడా లేకుండా. ఆ కారణంగానే ఈ వ్యాసంలో దర్శకుల పేర్లు ఉన్నాయి, రంగం మీద తమ జీవితాన్ని పెట్టినవారి పేర్లు లేవు. కానీ తన వృత్తి నటన అని వేయిమంది ఎదుట చెప్పుకొన్న మనిషిని పేరులేకుండా వదిలేస్తే, అతడు అడిగి తీసుకొన్న హోదాను వెనక్కి లాక్కొన్నట్టు అవుతుంది. సాక్షిగా అతని పేరు దాచవలసి ఉంటుంది, నటుడిగా రాయవలసి ఉంటుంది. హోరా బృందం విషయంలో ఆ రెండూ ఒకే పేరు.