కష్టం ఎవరి ఖాతాలో?

వేసవి మొదట్లో కొలరాడో వన్యప్రాణి శాఖ నుంచి ఈమెయిల్ వచ్చింది. డ్రాలో నా పేరు తగిలింది. సెప్టెంబర్‌లో తొమ్మిది రోజుల సీజన్‌లో, మజిల్‌లోడర్‌తో, ఒక ఆడ ఎల్క్‌ని వేటాడుకోవచ్చు. లైసెన్స్ వచ్చింది గానీ తుపాకి లేదు. అదే నా మొదటి వేట, అదే నా మొదటి తుపాకి కూడా.

ఎల్క్ మన కణితికి దగ్గరి చుట్టమే, కాకపోతే చాలా పెద్దది. ఆడది రెండు క్వింటాళ్ళు దాటుతుంది, మగది మూడు. ఇక మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతిలోంచి ముందు మందు పోసి, పైన గుండు దింపి, కడ్డీతో దట్టించి పేల్చేది. ఒక్కసారికి ఒక్క గుండు. మళ్ళీ నింపుకోవాలంటే చేయి తిరిగినవాళ్ళకి కూడా అర నిమిషం పడుతుంది. మన ఊళ్ళలో నాటు తుపాకి అంటాం కదా, సూత్రం అదే. మా తాత దగ్గర ఒకటి ఉండేది, మక్క చేను మీదికి వచ్చే అడవి పందుల కోసం. నాకు గుర్తున్నంతలో దాంతో ఆయన ఒక్క పందినీ చంపలేదు. చప్పుడు మాత్రం చేసేవాడు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే ఒకటే అడిగింది. “నీకెందుకురా గా తుపాకులు? ఆడ చికెన్ దొర్కుతలేదా?”

ఈ ప్రశ్నని అప్పటికి దాటేశాను. ఇంజనీర్ని కాబట్టి ఎక్సెల్ షీట్ తెరిచాను. మొదటి వరసలో ఫ్లింట్‌లాక్. చెకుముకి రాయి ఉక్కుని గీరితే రవ్వలు పుట్టి, పక్కన చిన్న పళ్ళెంలో ఉన్న మందు అంటుకుని, ఆ మంట సన్నటి రంధ్రంలోంచి లోపలికి పోయి అసలు మందుని పేలుస్తుంది. రెండో వరసలో క్యాప్‌లాక్. సుత్తి దెబ్బకి చిన్న రాగి టోపీ పేలి నిప్పు లోపలికి వెళ్తుంది. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు పంతొమ్మిదో శతాబ్దంలో చేసి పేరు తెచ్చుకున్న తుపాకుల పోలికతో వచ్చేవి ఎక్కువగా ఈ రకమే. మూడోది ఇన్‌లైన్. ప్రైమర్ సరిగ్గా మందు వెనకే, గొట్టంతో ఒకే గీతలో, మూసిన అరలో ఉంటుంది. 1985లో మిస్సోరీకి చెందిన టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85తో ఈ రకం జనంలోకి వెళ్ళింది. చూడ్డానికి మామూలు రైఫిల్‌లాగే ఉంటుంది. వానలో కూడా చాలావరకు నమ్మొచ్చు.

ధర, బరువు, గొట్టం పొడవు, అన్నీ నింపాను. చివర్లో ఊరికే ఇంకో గడి పెట్టుకున్నాను: “మామూలు రైఫిల్ ఎందుకు కాదు?” అక్కడ ఆగిపోయాను.

నిజమే కదా. అక్టోబర్ దాకా ఆగితే రైఫిల్ సీజన్ వస్తుంది. టెలిస్కోప్ బిగించుకుని మూడు వందల గజాల నుంచి కొట్టొచ్చు. సెప్టెంబర్‌లో అడవిలో జనం తక్కువ, ఎల్క్‌లు ఇంకా బెదరలేదు, ఇలాంటి స్వార్థాలు నాకూ ఉన్నాయి. కానీ అవి తీసేసినా ఇంకేదో మిగిలింది. పాత పద్ధతిలో, కష్టపడి, ఆ జంతువుకి “ఛాన్స్” ఇచ్చి వేటాడటం ఎక్కువ న్యాయం అని లోపల ఒక నమ్మకం. అలాంటప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. కావాలని తక్కువ దాన్ని ఎంచుకున్నాక, ఆ తక్కువలో మళ్ళీ ఎక్కువ దాన్ని వెతకడం ఏమిటి? న్యాయమే కావాలంటే ఫ్లింట్‌లాక్ కొనాలి. ఇంకా న్యాయం కావాలంటే ఈటె పట్టుకోవాలి.

చట్టాన్ని అడిగి చూశాను. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌కి ఇన్‌లైన్ పనికొస్తుంది, టెలిస్కోప్ పనికిరాదు. మందు పొడిగానే పోసుకోవాలి, బిళ్ళలుగా చేసినది కుదరదు. గుండుకి ప్లాస్టిక్ తొడుగు ఉండకూడదు. ఎల్క్‌కైతే కనీసం అర అంగుళం గొట్టం. ఐడహోలో మజిల్‌లోడర్లకే కేటాయించిన వేటల్లో నిప్పు పుట్టే చోటు బయటికి కనబడాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే జింకల సీజన్‌లో ఫ్లింట్‌లాక్ ఒక్కటే. తమాషా ఏమిటంటే, ఫెడరల్ చట్టం లెక్కలో నల్లమందుతో పేలే మజిల్‌లోడర్లు చాలావరకు అసలు తుపాకులే కావు, పురాతన వస్తువులు! అంటే ఎంత కష్టపడితే న్యాయం అన్న గీత ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం గీసుకున్నదే. చట్టం గీత ఎక్కడుందో చెప్తుంది, ఎందుకుందో చెప్పదు.

“ఫెయిర్ చేజ్” అనే మాటని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ముఖ్యం. దానికి తాత్వికమైన వాదన కోసం చాలామంది స్పానిష్ తత్వవేత్త ఒర్తెగా యి గాసెత్ దగ్గరికి వెళ్తారు. 1942లో ఒక వేటగాడి పుస్తకానికి ముందుమాటగా మొదలైన ఆయన వ్యాసం తర్వాత ఒక పుస్తకమే అయింది. ఆయన వాదన స్థూలంగా ఇది: జంతువు తప్పించుకునే వీలుంటేనే అది వేట, లేకపోతే చంపడం మాత్రమే. అందుకే మనిషి ఆయుధం బలపడేకొద్దీ తన చేతులు తనే కట్టుకుంటూ వచ్చాడు. 1978లో బెర్నార్డ్ సూట్స్ ‘ది గ్రాస్‌హాపర్’ అనే పుస్తకంలో ఆట అంటే ఏమిటో చెప్పడానికి ప్రయత్నించాడు. అక్కర్లేని అడ్డంకుల్ని ఇష్టపూర్వకంగా పెట్టుకుని వాటిని దాటడమే ఆట అంటాడు. బంతిని గుంటలో వేయడమే గోల్ఫ్ లక్ష్యమైతే నడిచి వెళ్ళి చేత్తో వేసి రావచ్చు. ఎవడూ వేయడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదువుతుంటే ఒకచోట ముల్లు గుచ్చుకుంది. గోల్ఫ్‌లో కష్టం ఆడేవాడిది, నష్టమూ ఆడేవాడిదే. చదరంగంలో ఎదుటివాడు నియమాలు ఒప్పుకునే కూచుంటాడు. ఎల్క్ ఏం ఒప్పుకుంది? నేను దానికి “ఛాన్స్” ఇస్తున్నానని దానికి తెలీదు. నేను పెట్టుకున్న కష్టం నా ఒక్కడి మీదే పడితే అది నా ఆట. దాని ఒంటి మీద పడితే?

ఇక్కడే సాంకేతిక విషయం ఒకటి నైతిక విషయంగా మారింది. నాటు తుపాకీలో రెండు రకాల లోపాలున్నాయి. ఒకటి, పేలకపోవడం. మందు చెమ్మగిల్లింది, ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మని ఊరుకుంది, ఎల్క్ చెవులు రిక్కించి పారిపోయింది. నష్టం నాది. రెండోది, ఆలస్యంగా పేలడం. పళ్ళెంలో భగ్గుమంది, లోపల మందు అంటుకోవడానికి కొద్దిగా టైం తీసుకుంది. ఆ కొద్ది టైంలో నా చేయి వణకొచ్చు, ఎల్క్ ఒక అడుగు ముందుకు వేయొచ్చు. ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన గుండు కడుపులోకి పోతుంది. కడుపులో గుండు తగిలిన ఎల్క్ వెంటనే చావదు. గంటలు నడుస్తుంది, దొరక్కపోతే ఎక్కడో ఒంటరిగా పడి చస్తుంది. నష్టం దానిది. కొలరాడో కొండల్లో సెప్టెంబర్ మధ్యాహ్నాలు వాన రావడం మామూలే. చెమ్మ అనేది అక్కడ ఊహ కాదు.

అంటే “కష్టమైన తుపాకి” అని గంపగుత్తగా అనడం తప్పు. ఏ కష్టం ఎవరి ఖాతాలో పడుతుందో విడివిడిగా చూడాలి. ఒక్కటే గుండు ఉండటం, పొడి కొలిచి పోసుకోవడం, రాత్రి మసి పట్టిన గొట్టం కడుక్కోవడం, దగ్గరికి పాక్కుంటూ పోవడం నా ఖాతా. నిప్పు సరిగ్గా అంటుకోకపోవడం దాని ఖాతా.

ఈ ఆలోచనలో ఉండగానే కిందముడు గుర్తొచ్చాడు. ఆదిపర్వంలో జింక రూపంలో ఉన్న మునిని, తన జోడుతో కలిసి ఉండగా, పాండురాజు కొడతాడు. రాజులకి వేట ధర్మమే, అగస్త్యుడంతటివాడే మృగాల్ని చంపాడు అని పాండురాజు వాదిస్తాడు. ముని జవాబు చిన్నప్పుడు అర్థం కాలేదు గానీ ఇప్పుడు చాలా పదునుగా వినిపిస్తోంది. మృగాన్ని చంపావని నిన్ను నిందించడం లేదు, ఆ క్షణం దాకా ఆగలేకపోయావే అని అతని బాధ. విల్లు ఎలాంటిది, పోరు సమానంగా ఉందా లేదా అని అతను అడగలేదు. న్యాయాన్ని వేటగాడి వైపు నుంచి కాక దెబ్బ తిన్నవాడి వైపు నుంచి కొలిచాడు. అన్నట్టు, సెప్టెంబర్ ఎల్క్‌ల ఎద కాలం. మగవి తెల్లవారుజామున బూర ఊదినట్టు కూస్తాయి. సీజన్‌కి అంత ఆకర్షణ దానివల్లే. ఈ లెక్కన కిందముడి ముందు నేను కూడా దోషినే. తుపాకి మారిస్తే పోయే దోషం కాదది.

మా టీంలో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా వేటాడుతున్నాడు, ఫ్లింట్‌లాక్ తప్ప వేరేది ముట్టడు. లంచ్‌లో నా సిద్ధాంతం అంతా విని నవ్వాడు. ఆయన చెప్పిందాని సారాంశం ఇది: “నీ తుపాకిని నువ్వు ఎంత నమ్మితే అంత దూరం నుంచి కొడతావు. నాదాన్ని నేను నమ్మను. అందుకే నలభై గజాల లోపలికి వెళ్తే గానీ, వాన పడని రోజైతే గానీ కొట్టను. చెప్పు, ఎవరి ఎల్క్‌కి ఎక్కువ నొప్పి?”

ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. మా వృత్తిలో రోజూ చూస్తాం. మెమరీ పెరిగినప్పుడల్లా ప్రోగ్రాం బాగుపడదు, లావెక్కుతుంది. సామర్థ్యం ఖాళీగా కూచోదు, పని వెతుక్కుంటుంది. మంచి తుపాకి నా చేతిలో పెట్టి నిగ్రహంగా ఉండమంటే ఎన్ని రోజులు ఉంటాను? ఆయన నిగ్రహాన్ని తుపాకీలోనే బిగించేశాడు. నేను నాలో బిగించుకోవాలి. ఆయనది ఎక్కువ నమ్మకమైన పద్ధతి అని ఒప్పుకుంటాను. కాకపోతే అది ముప్పై ఏళ్ళు అనుభవం ఉన్నవాడి పద్ధతి. ఏ రోజు చెమ్మ ఎక్కువో, రాయి ఎప్పుడు మొద్దుబారిందో ఆయన వేళ్ళకి తెలుసు. అదే ఫ్లింట్‌లాక్ నాలాంటి కొత్తవాడి చేతిలో ఉంటే, నా చదువుకి ఫీజు ఎల్క్ కడుతుంది.

చివరికి ఇన్‌లైనే కొన్నాను. అర అంగుళం గొట్టం, మామూలు సైట్లు. జూలై, ఆగస్టు రెండు నెలలు ప్రతి శనివారం రేంజ్‌కి వెళ్ళాను. టిఫిన్ పెట్టే పేపర్ ప్లేటు గురి, మోకాలి మీద కూచుని పది గుళ్ళు. యాభై గజాల్లో పదీ ప్లేటులో పడ్డాయి. డెబ్బై ఐదులో తొమ్మిది. వందలో ఆరు. ఈ అంకెలు తుపాకివి కావు, నావి. బెంచీ మీద ఆనించి కొడితే తుపాకి వంద గజాల్లో కూడా పదికి పది వేసింది. డెబ్బై ఐదు అని తుపాకి కర్ర మీద తెల్ల పెయింట్‌తో రాసుకున్నాను. పెద్దాయన వాదనకి నేను ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే.

ఐదో రోజు పొద్దున, ఆస్పెన్ చెట్ల అంచున, ఒక ఆడ ఎల్క్ పక్కకి తిరిగి నిలబడింది. గాలి నా వైపు వీస్తోంది. రేంజ్‌ఫైండర్‌లో చూస్తే తొంభై ఎనిమిది. పదికి ఆరు. తగలడానికే అవకాశం ఎక్కువ. చేతిలో ఉన్నది నమ్మదగిన తుపాకి. తెల్ల అంకె బొటనవేలి కిందే ఉంది. నాలుగు నిమిషాలు చూశాను. దగ్గరికి పోదామని పాకితే ఎండుకొమ్మ విరిగింది. అది తలెత్తి చూసి, పెద్దగా తొందరేం లేనట్టు, చెట్లలోకి వెళ్ళిపోయింది.

మంచి పని చేశానన్న తృప్తి ఆ క్షణంలో కలగలేదు. విసుగొచ్చింది, ఆకలేసింది. పెద్దాయన మాట నిజమని కూడా తెలిసింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది, నాకు తెలుసు.

తొమ్మిదో రోజు సాయంత్రం సీజన్ ముగిసింది. లోపల దట్టించిన మందు తీయడానికి తేలికైన మార్గం పేల్చేయడమే. మట్టి గట్టుకేసి పేల్చాను. తెల్లటి పొగ, కుళ్ళిన గుడ్డు వాసన. తాత తుపాకి చప్పుడే.

డెన్వర్ చేరేసరికి రాత్రయింది. ఇంట్లో ఏమీ లేదు. దారిలో షాపుకి వెళ్ళి చికెన్ పాకెట్ తీసుకుని బిల్లింగ్ లైన్లో నిలబడ్డాను. మన దగ్గర తెల్లారింది, అమ్మ ఫోన్ చేసింది.

“తొమ్మిది రోజులు అడవిల తిరిగితివి. ఏం దొరికిందిరా?”

ఏం దొరకలేదమ్మా అన్నాను. చేతిలో పాకెట్ చల్లగా ఉంది. ఎల్క్ విషయంలో మూడు నెలలు రాసుకున్న ఖాతా ఇది. ఈ కోడి ఎక్కడ పెరిగిందో, ఎలా చచ్చిందో, ఎన్ని గజాల దూరమో నేనెప్పుడూ అడగలేదు. ఎక్సెల్ షీట్‌లో దానికి గడి కూడా లేదు. అమ్మ మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడెక్కడో ఉందని తెలుస్తోంది. కానీ లైన్ ముందుకు జరిగింది, నేనూ జరిగాను.