పెద్దమ్మ చెయ్యి ఉన్న ఫోటో

ఈ వారం వీడియోలో భగవద్గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు చెప్పుకున్నాం కదా. ఆసక్తి నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి సమ్మోహం, ఆ తర్వాత స్మృతి భ్రంశం, చివరికి బుద్ధి నాశం. ఆ మెట్లలో నేను స్మృతి దగ్గర ఆగిపోయాను. కారణం ఒక పాత ఫోటో.

నాన్న షష్టిపూర్తికి స్లైడ్‌షో చేద్దామని ఆల్బమ్‌లు స్కాన్ చేస్తున్నా. నాన్న ఒకటే మాట అన్నారు: "వాళ్ళున్న ఫోటోలు వద్దురా." వాళ్ళంటే పెదనాన్న వాళ్ళు. పెద్దమ్మది గుంటూరు, క్రిస్టియన్ కుటుంబం. పొలం పంపకాల్లో మాటామాటా పెరిగి పదేళ్ళుగా రాకపోకలు లేవు. గొడవకీ మతానికీ సంబంధమే లేదు. కానీ ఇప్పుడు మా ఇంట్లో "ముందునుంచీ వాళ్ళు వేరేలే" అంటారు.

ఫోటో మూలన నారింజ రంగు అంకెల్లో తేదీ, 2003 క్రిస్మస్. వాకిట్లో వెదురుబద్దలతో కట్టిన స్టార్, లోపల బల్బు. కుర్చీలో నానమ్మ, మెడలో తులసిమాల. నానమ్మకి ఆచారం ఎక్కువ, అక్కడ అన్నం ముట్టేది కాదు. పెద్దమ్మ నొచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కొత్త గిన్నె, పాలు, అరటిపళ్ళు ముందు పెట్టి "అత్తయ్యా, మీరే కాచుకోండి" అనేది. మాకేమో కేకు, అరిసెలు. వేరు అనేది అప్పుడూ ఉంది, కానీ అది ఆ గిన్నె దగ్గరే ఆగిపోయేది.

క్రాప్ చెయ్యడం రెండు సెకన్ల పని. చేశా కూడా. అందరూ పోయారు గానీ నా భుజం మీద పెద్దమ్మ చెయ్యి మిగిలింది. నాలుగు వేళ్ళు, ఒక ఉంగరం. ఎరేజర్ టూల్‌తో అదీ తీసేయొచ్చు, నా చొక్కా గీతలు కూడా అదే కలిపేస్తుంది. అప్పుడు భయమేసింది.

నాన్న మాట వినాలి, వేడుక ఆయనది. ఫోటో అసలు పెట్టకపోతే అది మౌనం. చెయ్యి చెరిపేసి పెడితే మాత్రం అబద్ధమే. పాత ఫోటోలు పట్టుకుని వేలాడటం మోహం కాదా అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుకున్నా. కానీ పద్దెనిమిదో అధ్యాయం 73వ శ్లోకంలో అర్జునుడు మోహం పోయిందని, స్మృతి తిరిగొచ్చిందని ఒకే ఊపిరిలో చెప్తాడు.

క్రాప్ చెయ్యని ఫోటో నాన్నకే చూపించా. చాలాసేపు చూశారు. "ఆ స్టార్ కట్టింది నేనేరా" అన్నారు. పెట్టమనలేదు, తీసెయ్యమనీ అనలేదు. ఫంక్షన్ వచ్చే నెల.

జై శ్రీకృష్ణ.