రూపాయి బిర్యానీ: దానమా? వ్యాపారమా?

2023 జూన్‌లో కరీంనగర్‌లో ఒక కొత్త హోటల్ వారు రూపాయి నోటు తెచ్చిన వారికి బిర్యానీ ఇస్తామని ప్రకటించారు. జనం విరగబడ్డారు. రోడ్డుపై రాకపోకలు ఆగిపోయాయి. చివరికి పోలీసులు వచ్చి గుంపును పంపించవలసి వచ్చింది. అడ్డదిడ్డంగా నిలిపిన వాహనాలకు జరిమానాలు పడ్డాయి. రూపాయి భోజనానికి వచ్చిన కొందరు అంతకు ఎన్నో రెట్లు చెల్లించి వెళ్లారు.

నవ్వుకొని మరచిపోదగిన సంఘటనే. కాని అది మన ముందు ఒక ప్రశ్న ఉంచుతోంది. 'ఉచితం' అంటే అసలు ఏమిటి?

ధర తగ్గించి అమ్మడం తప్పు కాదు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేశాడు. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అనే పిజ్జా దుకాణం చేసేదీ, బొమ్మ ఇచ్చి పిల్లల భోజనం అమ్మే బర్గర్ కంపెనీ చేసేదీ వ్యాపారమే. రెండో పిజ్జా ఖర్చు మొదటిదాని ధరలోనో, రేపు మనం మళ్లీ వెళ్లి పెట్టే ఖర్చులోనో కలిసే ఉంటుంది. ఆ సంగతి దాచి దాన్ని బహుమానంగా చూపడంలోనే చిక్కు ఉంది. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. షరతులను కనిపించనంత చిన్న అక్షరాల్లో అచ్చువేయడం కూడా తడి ధాన్యాన్ని అడుగున దాచడం లాంటిదే. మన దేశంలో 2022లో వచ్చిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు సైతం ఎరవేసే ప్రకటనలకు, 'ఉచితం' అనే ప్రకటనలకు హద్దులు పెట్టాయి.

మరి నిజమైన ఉచితం ఏది? పేదలకు, అనాథలకు, ఖైదీలకు అన్నం పెట్టి, వారి నుండి ప్రతిఫలం గాని కృతజ్ఞత గాని కోరని సజ్జనులను దివ్యఖుర్ఆన్ ప్రశంసించింది (76: 8, 9). ఈ గీటురాయిపై రూపాయి నోటును పెట్టి చూడండి. ఈ రోజుల్లో రూపాయి నోటు ఎవరి దగ్గర ఉంటుంది? సరదాగా దాచుకున్న వారి దగ్గర. బస్టాండులో ఆకలితో కూర్చున్న వృద్ధుని దగ్గర ఉండదు. ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా విందు చెడ్డ విందు అని హదీసు చెబుతోంది. ఆకలిగొన్నవాడు రాలేని ఉచిత భోజనం కూడా అలాంటిదే.

తినేవారి బాధ్యత కూడా ఉంది. దారికి హక్కులున్నాయని, వాటిని నెరవేర్చాలని దైవప్రవక్త (స) బోధించారు. కొనగలిగే స్తోమత ఉండి కూడా, ఒక్క పొట్లం కోసం రోగి వెళ్లే దారిని అడ్డగించడం విశ్వాసికి తగునా? ఇంట్లో అన్నం ఉండగా ఆఫరు ఉందని తెచ్చి సగం పారవేస్తే, ఆ వృథాకు రేపు జవాబు చెప్పుకోవద్దా?

వ్యాపారులను ప్రశ్నించి ఆగిపోతే సరిపోదు. రమజాన్‌లో కరీంనగర్, ఆదిలాబాద్, నిర్మల్ మస్జిదుల్లో ఇఫ్తార్ వేళ ఖర్జూరం పళ్లెం చుట్టూ కూలీ, యజమాని ఒకేచోట కూర్చుంటారు. వారిని ఎవరూ నోటు అడగరు. అయితే ఆ పళ్లెం వెనుక మన ఫొటోతో ఫ్లెక్సీ కడితే, మనం కూడా ప్రకటన వేసుకున్నట్లే కదా! హోటల్ వారు కోరేది గిరాకీ, మనం కోరేది పేరు. ప్రతిఫలం మాత్రం ఇద్దరం కోరినట్లే.

అమ్మేటప్పుడు అమ్ముతున్నామని చెబుదాం. పెట్టేటప్పుడు దైవప్రసన్నత కోసమే పెడదాం. అల్లాహ్ మన సంకల్పాలను శుద్ధి చేయుగాక! ఆమీన్.