నడుముకు కట్టిన తువ్వాలు

అరసవల్లి,
తపస్కాలం ఐదో వారం

చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోనులో అడిగిన మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నీకేమో డ్యూటీకి వేళవుతోంది, నాకేమో గొంతు పెగల్లేదు. సగం చెప్పి వదిలేసే సంగతి కాదు గనక కాగితం మీద పెడుతున్నాను. డ్యూటీ దిగి, కాస్త నిద్రపోయి లేచాక తీరిగ్గా చదువుకో.

“మా వార్డులో చనిపోయిన ముసలాయనకు కప్పడానికి ఉతికిన దుప్పటి ఒక్కటి దొరకలేదు అమ్మమ్మా. తెల్లారి పూజకెళ్తే బలిపీఠం మీద మల్లెపువ్వులాంటి బట్ట. దాని మీద ఇంకోటి, గిన్నె మీద మరోటి. దేవుడికి ఇన్ని గుడ్డలెందుకు? ఆయనేమైనా చలికి వణుకుతున్నాడా?” అన్నావు.

నీ కోపం మంచిదే తల్లీ. సాటిమనిషి మీద జాలి ఉన్నవాళ్ళకే అలాంటి కోపం వస్తుంది. అయితే ఆ బట్టల్ని ముప్ఫై ఏళ్ళు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టిన చేతులు నావి. వాటి గురించి నాకు తెలిసింది నీకు చెప్పకుండా పోతే ఆ తప్పు నాదవుతుంది.

అన్నిటికన్నా చిన్నదానితో మొదలుపెడతాను. పూజలో అప్పం, ద్రాక్షరసం ఉంచే చోట పరిచే చదరపు తెల్లగుడ్డ చూశావు కదా, దాన్ని కార్పొరల్ అంటారు. లాటిన్‌లో ‘కోర్పుస్’ అంటే శరీరం. ప్రభువు శరీరాన్ని ఉంచే గుడ్డ గనక ఆ పేరు. సిలువ మీంచి దించిన దేహానికి అరిమతయియ యోసేపు నారబట్ట కొని తెచ్చి చుట్టాడని సువార్తలో ఉంది. ఆ నారబట్టనే పెద్దలు ఈ గుడ్డలో చూసుకున్నారు. నిలువుగా మూడు మడతలు, అడ్డంగా మూడు మడతలు. విప్పితే తొమ్మిది గళ్ళు. మడత ఎప్పుడూ లోపలికే పెట్టాలి. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రభువు శరీరమైన అప్పం, దాని రేణువు ఒకటి రాలి ఉన్నా అది గుడ్డలోనే ఉండాలి, నేల మీద పడకూడదు.

దీనికి గంజి పెడతాం, బిగువుగా నిలబడాలి గనక. పానపాత్ర తుడిచే సన్నగుడ్డకు మాత్రం గంజి పెట్టకూడదు, పెడితే తడి పీల్చుకోదు. ఈ రెండింటినీ ఇంటి బట్టలతో కలిపి ఉతకం. ముందు మంచినీళ్ళలో విడిగా జాడిస్తాం. ఆ మొదటి నీళ్ళు కాలవలోకి పోనివ్వకుండా మట్టిలో పోస్తాం. మన గుడి వెనక మందార చెట్టు మొదట్లో నేను పోసిన నీళ్ళు ఎన్నో.

ఇంత జాగ్రత్త దేవుడికి అవసరమై కాదమ్మా, మన చేతులకు అవసరమై. రేణువంత దానిలో ప్రభువు ఉన్నాడని నమ్మి, దాన్ని జారవిడవకుండా పట్టుకోవడం నేర్చిన చెయ్యి, మనిషి ఒంటిని విదిలించినట్టు ముట్టుకోలేదు. నేర్చిన తర్వాత కూడా విదిలిస్తే, నేర్చినదంతా వట్టిదే.

ఇక ఆ బట్ట ఎక్కడిదో కూడా తెలుసుకో. క్రైస్తవ సభ పూర్వం నుంచి నారబట్టను కోరుకుంది. అది మన దగ్గర పండేది కాదు. పూజావస్త్రాలకు ఆయా ప్రాంతపు సహజమైన బట్టలు కూడా వాడుకోవచ్చని ఇప్పటి నియమం. మనకు పొందూరు పక్కనే ఉంది. కొండపత్తి, పునాసపత్తి తెచ్చి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చెత్తంతా తీసి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద సన్ననూలు వడుకుతారు అక్కడి ఆడవాళ్ళు. గాంధీగారు మెచ్చిన నూలు అది. పండగకు బలిపీఠం మీద పరచడానికి ఒకసారి పొందూరు ఖద్దరు తెచ్చి అంచు కుట్టాను. పరిచాక చూస్తే, కళ్ళు పొడిబారేదాకా వడికిన ఏ ఆడమనిషి రెక్కల కష్టమో అక్కడ దేవుడి ముందు ఉన్నట్టనిపించింది. ద్రాక్షరసాన్ని, అప్పాన్ని మానవ శ్రమ ఫలం అంటాం పూజలో. వాటి కింద పరిచిన బట్ట కూడా అదే.

మరి కప్పడం ఎందుకంటావా? ఇది మన ఊరివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. రథసప్తమి నాడు సూర్యనారాయణ స్వామి నిజరూప దర్శనం కోసం అర్ధరాత్రి నుంచే మన వీధంతా జనం. మార్చిలో, అక్టోబరులో ఆ రెండు మూడు రోజులు పొద్దుటి కిరణాలు స్వామి పాదాలు తాకే క్షణం కోసం ఎంత దూరం నుంచో వస్తారు. సింహాచలంలో అప్పన్న ఏడాది పొడుగునా చందనం మాటున ఉండి అక్షయ తదియ నాడు ఒక్కరోజే నిజరూపంతో కనిపిస్తాడు. వాళ్ళ పూజ వేరు, మన పూజ వేరు. కానీ ఎప్పుడూ కళ్ళెదుట ఉన్నదాన్ని కన్ను చూడటం మానేస్తుందని, కొన్నాళ్ళు మరుగైతేనే మళ్ళీ ఆకలితో చూస్తుందని ఈ నేల మీద పుట్టినవాళ్ళందరికీ తెలుసు.

ఈ ఆదివారం మన గుడిలో సిలువకు, మరియమాత స్వరూపానికి, పునీతుల స్వరూపాలకు ఊదారంగు బట్టలు కప్పాం. పవిత్ర గురువారం పూజ అయ్యాక బలిపీఠం మీద బట్టలన్నీ తీసేస్తాం. ఆ రాత్రి దాన్ని చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంటుంది. సైనికులు ప్రభువు ఒంటి మీద బట్టలు లాక్కుని పంచుకున్నారు కదా, అది కళ్ళకు కనిపిస్తుంది. మర్నాడు పవిత్ర శుక్రవారం గురువు సిలువ మీది ముసుగును ఒకేసారి లాగేయడు. మూడు దఫాలుగా విప్పుతాడు, ఒక్కో దఫాకూ అందరం మోకరిస్తాం. గాయపడిన దేహాన్ని ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా విప్పి చూడాలో నర్సువి, నాకన్నా నీకే బాగా తెలియాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

మా తాత పాలేరు. వాళ్ళ ఊళ్ళో భూస్వామి వీధిలోకి అడుగుపెట్టే ముందు భుజం మీది కండువా తీసి నడుముకు కట్టుకోవాలి. భుజాన కండువాతో ఆ వీధిలో నడిస్తే పొగరు కింద లెక్క. ఆయన బతుకంతా ఆ కండువా భుజానికీ నడుముకీ మధ్య తిరిగింది. గుడిలో మాత్రమే అది భుజం మీద నిలిచేదని మా నాన్న చెప్పేవాడు.

గుడి పూజావస్త్రాల సంగతీ ఇక్కడే చెప్పాలి. సావోయ్ ప్రాంతంలోని అనెసీ నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం వచ్చారు. మన శ్రీకాకుళం మేత్రాసనం ఆ విశాఖ నుంచే 1993లో వేరుపడింది. ఆ గురువులతో వచ్చిన పూజావస్త్రాలు చలిదేశపు బట్టలు. 1969లో మన దేశపు పీఠాధిపతులు కోరిన పన్నెండు మార్పులకు రోము అనుమతిచ్చింది. చేతులు జోడించి నమస్కరించడం, నూనె దీపాలు, హారతి వాటిలో ఉన్నాయి. ఆ బరువైన వస్త్రాల బదులు ఒకే అంగీ, దాని మీద అంగవస్త్రంలాంటి స్టోల్ వేసుకోవచ్చన్నది కూడా వాటిలో ఉంది. గురువు మెడ మీంచి దిగే ఆ స్టోల్ క్రీస్తు కాడికి గుర్తు అంటారు. నాకు మాత్రం మొదటిసారి అంగవస్త్రం చూసినప్పుడు మా తాత భుజం గుర్తొచ్చింది.

కానీ అసలు సంగతి పవిత్ర గురువారం సాయంత్రం జరుగుతుంది. గురువు పై పూజావస్త్రం తీసి పక్కన పెట్టి, తువ్వాలు నడుముకు కట్టుకుని, నేల మీద మోకాళ్ళూని పన్నెండుమంది కాళ్ళు కడుగుతాడు. యోహాను సువార్తలో ప్రభువు చేసింది అదే. తువ్వాలు తీసుకున్నాడు, నడుముకు కట్టుకున్నాడు, వంగాడు. మా తాత చేత భయం చేయించిన పనిని ప్రభువు ప్రేమతో తనంతట తాను చేశాడు. ఇది తెలిసిన రోజు నేను గుడిలో కూర్చుని ఏడ్చాను. ఇకమీదట ఏ మనిషి చేతా కండువా దింపించే హక్కు ఎవరికీ లేదని ఆ తువ్వాలు చెబుతోంది. వంగాల్సింది ఎవరో కూడా అదే చెబుతోంది: పైనున్నవాడు.

కాళ్ళు కడిగించుకునే వరసలో ఆడవాళ్ళు కూడా కూర్చోవచ్చని 2016లో పోప్ ఫ్రాన్సిస్ మార్పు తెచ్చారు. తర్వాత ఒక ఏడు నన్నూ కూర్చోబెట్టారు. పగుళ్ళు తేలిన నా కాలు తుడిచిన తువ్వాలు, ముందురోజు నేను ఉతికి ఆరేసినదే. ఇంకొకరి కోసం ఉతికామనుకున్నది ఒకరోజు మన కాలి దగ్గరికే వస్తుంది తల్లీ.

జ్ఞానస్నానం రోజు నీకు తెల్లబట్ట కప్పింది గుర్తుండదు, నేను పట్టుకుని నిలబడ్డాను. మీ తాత పోయినప్పుడు పెట్టె మీద కప్పిన తెల్లబట్ట ఆ మొదటి బట్టకే జ్ఞాపకం. దాని కింద ఉన్నది టేకు పెట్టో, మామిడి చెక్క పెట్టో బయటికి కనపడదు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అందరికీ ఒకే బట్ట, ఒకే గౌరవం. నీ వార్డులో ఆ ముసలాయనకు లేకుండా పోయింది సరిగ్గా అదే. అందుకే నీకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని నీకు నేర్పింది ఈ గుడ్డలేనని ఒక్కసారి ఆలోచించు.

నీ ప్రశ్న కొత్తదీ కాదు. నాలుగో శతాబ్దంలో అంతియొకయలో యోహాను క్రిసోస్తోం అనే పునీతుడు మత్తయి సువార్త మీద ప్రసంగిస్తూ ఇదే అడిగాడు. గుడి లోపల క్రీస్తుకు పట్టుబట్టలు కప్పి, గుడి బయట చలికి, బట్టలేమికి చచ్చిపోతున్న క్రీస్తును వదిలేస్తారా అని గద్దించాడు. దిగంబరినై ఉంటే నాకు బట్ట ఇచ్చారు అన్న ప్రభువు మాట ఆయన చేతిలో ఉంది. ఆ కాలంలోనే మార్టిన్ అనే రోమన్ సైనికుడు అమియాన్ ఊరి ద్వారం దగ్గర చలికి వణికే బిచ్చగాడికి తన పైబట్టను కత్తితో కోసి సగం ఇచ్చాడు. మిగిలిన ఆ సగాన్ని తర్వాతివాళ్ళు భద్రపరుచుకున్నారు. లాటిన్‌లో దాన్ని ‘కప్పెల్లా’ అన్నారు, చిన్న పైబట్ట అని. అది ఉంచిన చోటుకు అదే పేరు వచ్చింది. మీ హాస్టల్లో మీరు చాపెల్ అంటున్నది ఆ మాటే. అంటే నువ్వు ప్రార్థనకు వెళ్ళే గదికి బిచ్చగాడితో పంచుకున్న బట్ట పేరుంది.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో విను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. గుడి తరఫున బట్టలు పోగుచేసి తీసుకెళ్ళాం. నేనూ ఒక మూట కట్టాను. పెట్టె అడుగున పడి ఉన్నవి, అంచు చిరిగినవి, నేనింక కట్టనివి. అక్కడ నా వయసు మనిషి ఒకామె నా చీర విప్పింది. చిరుగు చూసింది. ఏమీ అనలేదు. చిరుగు లోపలికి పోయేలా జాగ్రత్తగా మడతపెట్టి చంకలో పెట్టుకుంది. ఆ మడత నేను కార్పొరల్‌కు పెట్టే మడతే. తల ఎత్తలేకపోయాను. ఇన్నేళ్ళు బలిపీఠం మీది గుడ్డలో ముడత లేకుండా చూసుకున్నదాన్ని, ప్రభువుకే చిరుగు చీర ఇచ్చి వచ్చాను. ఆ రోజు నుంచి ఉతికి, కుట్టి, ఇస్త్రీ చేయకుండా ఎవరికీ ఏ బట్టా ఇవ్వలేదు.

కాబట్టి నా మాట ఇది. బలిపీఠం మీద బట్ట తీసేస్తే వార్డులో దుప్పటి రాదు. బలిపీఠం మీద బట్ట ఉండి కూడా వార్డులో దుప్పటి లేకపోతే, ఆ గుడ్డ ముందు మోకరించిన మనమంతా జవాబు చెప్పుకోవాలి. గుడిలో పరిచేది పాఠం. దాన్ని అప్పజెప్పేది మంచాల దగ్గర.

నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. దుప్పట్లు లేవని ఊరుకోకు, పైవాళ్ళను మర్యాదగా అడుగు, మళ్ళీ అడుగు. రోగి ఒంటి మీద బట్ట తొలగిస్తే ఎంత అవసరమో అంతే తొలగించు, పని అవగానే కప్పు. ప్రాణం పోయిన మనిషి ముఖం మీదికి దుప్పటి లాగేసి గబగబా వెళ్ళిపోకు. రెండు అంచులూ సరిచేసి, ఒక్క క్షణం నిలబడు. ఆయన కులమేదో, మతమేదో, బిల్లు కట్టాడో లేదో ఆ క్షణంలో నీకు అక్కర్లేదు. ఆ ముసలాయన విషయంలో నిన్ను నువ్వు తిట్టుకోకు. నువ్వు నీ చున్నీ కప్పానని చివర్లో మెల్లగా అన్నావు, నేను విన్నాను. అప్పుడే నా గొంతు పెగల్లేదు.

నాలుగు నూలు దుప్పట్లు కొని, ఉతికి, మడతపెట్టి పార్సిల్ చేశాను. శుక్రవారానికి అందుతుంది. నీ గదిలో దాచుకోకు, వార్డులో ఉంచు.

మీ అమ్మమ్మ