డప్పు కొట్టినవారి బాకీ



పోయిన వేసవిలో మా అమ్మాయి పెళ్లి చేశాము. పొద్దున గుడిలో దివ్యబలిపూజ, మధ్యాహ్నం భోజనాలు, రాత్రికి బరాత్. పిల్లల పోరు పడలేక బరాత్‌కు నిజామాబాదు నుంచి డీజే పెట్టెలు మాట్లాడాను. పెద్దవాళ్ల ముచ్చట కోసం పక్క ఊరి డప్పుల బృందాన్ని కూడా పిలిచాను. డీజే అతను ముప్పై వేలన్నాడు. మారు మాట్లాడకుండా బయానా చేతిలో పెట్టాను. డప్పుల వాళ్లు ఎనిమిది మంది, మనిషికి వెయ్యి లెక్కన ఎనిమిది వేలు అడిగారు. "మనోళ్లయి ఉండి గింత చెప్తరా?" అని అరగంట బేరమాడి ఐదు వేలకు దించాను. అలా దించగలిగినందుకు నాకు లోలోపల కొంత గర్వంగా కూడా ఉండిందని ఒప్పుకోవాలి.

వారం తర్వాత ఖర్చుల లెక్క రాస్తూ మా ఇంటావిడ అడిగింది: "డీజే వానితోని ఎందుకు బేరమాడలే?" జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే ఈ వారం దాన్ని మీ ముందు పెడుతున్నాను.

మేముండేది బాసర దగ్గర. చదువుకూ సంగీతానికీ తల్లి అని హిందూ సోదరులు కొలిచే సరస్వతి ఆలయం ఉన్న ఊరు. వసంత పంచమి నాడు పిల్లల చేత అక్షరాలు దిద్దించడానికి జనం రైళ్లలో, బస్సుల్లో తరలివస్తారు. విద్యకు ఇంత గౌరవం ఇచ్చే నేల మీద విద్య చేతిలో ఉన్నవాడికి ఎంత గౌరవం ఉందన్నది వేరే సంగతి. ఈ ప్రాంతంలో పాటకు, వాయిద్యానికి కొరత ఎన్నడూ లేదు. బాసర నుంచి గోదావరి దాటితే బోధన్ వైపు చిందు యక్షగానం. 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ గారు ఆడింది అక్కడే. కరీంనగర్ వైపు వెళితే వేములవాడ దగ్గర హన్మాజిపేటలో మిద్దె రాములు గారు ఒగ్గుకథ చెప్పేవారు. ఆయన 2010లో పోయారు. ఉత్తరాన ఆదిలాబాదు అడవుల్లో పర్ధానులు మూడు తీగల కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడతారు. వెనుకటి రోజుల్లో ఒక్కొక్క పర్ధాను కుటుంబానికి ఒక్కొక్క గోండు వంశం దాతలుగా ఉండేది. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసిన హైమెన్‌డార్ఫ్ దొరగారు ఈ కట్టుబాటును వివరించారు.

ఆ కట్టుబాటులో నాకు నచ్చే సంగతి ఒకటి ఉంది. పాడినవాడికి ఇచ్చే గింజలు, బట్ట, పశువు బిచ్చం కాదు, హక్కు. ఇవ్వకపోతే అడిగే అధికారం అతనికి ఉండేది. ఇవ్వని ఇంటికి అది పరువు తక్కువ. గోండు గూడేల్లో దీపావళి ముందు జరిగే దండారిని చూడండి. నెమలి ఈకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీలతో, డోళ్లతో ఒక ఊరి బృందం మరో ఊరికి విడిదికి పోతుంది. చూసే ఊరు వాళ్లకు అన్నం పెట్టి, పడక ఇచ్చి, మర్యాద చేసి పంపాలి. తర్వాత ఈ ఊరివాళ్లు ఆ ఊరికి పోతారు. ఇవాళ చూసినవాడు రేపు ఆడతాడు. వినడం, పెట్టడం రెండూ ఒకే పని అక్కడ.

అయితే పాతదంతా బంగారమని చెప్పడానికి నాకు నోరు రాదు. డప్పు సంగతి తీసుకోండి. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, దొర గడీ ముందు కొట్టాలి. రానంటే కుదరదు. ఇచ్చినంత పుచ్చుకోవాలి, అదీ దూరం నుంచి. మన విచారణల్లో ఎన్నో కుటుంబాల తాతలు జ్ఞానస్నానం పొందిన నాడే డప్పును అటక మీద పెట్టేశారు. అది సంగీతం మీద కోపం కాదు, మెడ మీది కాడిని దించడం. ఆ తాతల మనుమలు ఇవాళ గానబృందంలో కీబోర్డు వాయిస్తున్నారు. "మన కళ, మన సంస్కృతి" అంటూ మళ్లీ ఆ డప్పు వాళ్ల మెడలో వేయడానికి మనమెవరం? 1994లో మాదిగ దండోరా మొదలైన తర్వాత అదే డప్పును ఎందరో తలెత్తుకుని కొట్టారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభల్లోనూ అది మోగింది. తాను ఎంచుకుని కొట్టిన దెబ్బకూ, కొట్టక తప్పని దెబ్బకూ వాయిద్యం ఒకటే అయినా విలువ ఒకటి కాదు.

నా బేరం సంగతి నాకు అర్థమైంది ఇక్కడే. డీజే అతను నాకు బాకీ లేడు. కాదంటే పెట్టెలు మోసుకుని వెళ్లిపోతాడు. డప్పు అతనితో "మనోళ్లయి ఉండి" అన్నానే, ఆ మాటలో ప్రేమ ఎంత, పాత పెత్తనం ఎంత? నీ చేతిలోని విద్య పుట్టుకతోనే మాకు రాసి ఉంది, మేమిచ్చిందే ధర అన్న లెక్క నా బేరం అడుగున కూర్చుని ఉంది. వెట్టి చట్టప్రకారం ఎప్పుడో పోయింది. నా నాలుక మీద ఇంకా మిగిలి ఉంది. కోతకు వచ్చినవారికి ఇవ్వని కూలి దేవుని చెవిని చేరుతుందని యాకోబు గారి లేఖలో చదివినప్పుడు నేను ఎప్పుడూ భూస్వాములను తలుచుకునేవాణ్ణి. పెళ్లికూతురి తండ్రి గుర్తుకు రాలేదు.

సర్కారు చూసుకుంటుందిలే అనేవారూ ఉన్నారు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో కొందరు కళాకారులకు జీతం దొరికింది. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన చనిపోయారు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022లో అదే గౌరవం దక్కింది. రెండేళ్లు దాటాక ఆయన కూలి పనికి పోతున్నారని పత్రికలు రాశాయి. బిరుదు గోడకు వేలాడుతుంది, పొయ్యి మీది కుండకు అది అక్కరకు రాదు. ఢిల్లీలో చప్పట్లు కొట్టేవారు ఏడాదికోసారి కొడతారు. పక్కింటి పెళ్లి, పక్క ఊరి పండుగ నెలనెలా వస్తాయి.

ఇదంతా ధర్మంగా, బరువుగా చెప్పినందుకు క్షమించండి. అసలు మొదట చెప్పవలసింది ఆనందం గురించి. ఆ రాత్రి ఏం జరిగిందో వినండి. డీజే పెట్టెలు మోగినంతసేపు కుర్రాళ్లు ఎగిరారు, ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. మధ్యలో కరెంటు పోయింది. డప్పుల వాళ్లు అప్పటికే గడ్డిమంట వేసి తోలు కాచుకుని సిద్ధంగా ఉన్నారు. చిర్రా, చిటికెన పుల్ల పడ్డాయో లేదో వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మా వియ్యపురాలు, అరవై ఏళ్ల మనిషి, కొంగు బిగించి అడుగు వేసింది. ఆమె కాలు చూసి వాళ్లు దరువు మార్చారు. దరువు విని ఆమె నవ్వింది. పెట్టెలో నుంచి వచ్చే పాటకు మనం కనబడము. అది మన కాలు చూసి ఆగదు, మన అలసట చూసి నెమ్మదించదు. దగ్గరి మనిషి వాయించే వాయిద్యానికి కళ్లు ఉంటాయి. ఆ కళ్లకే నేను మూడు వేలు కోత వేశాను.

మన గుడి సంగతీ ఒక మాట. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆమోదించిన దైవార్చన సంవిధానం, తమ సొంత సంగీత సంప్రదాయం ఉన్న జాతులున్నాయని, ఆరాధనలో ఆ సంగీతానికి తగిన స్థానం ఇవ్వాలని చెప్పింది. అరవై ఏళ్లు దాటింది. పండుగ ఊరేగింపులో డప్పు వద్దనే విచారణలు నేను చూశాను. పిలిచి, పంక్తిలో మాత్రం చివర కూర్చోబెట్టే విచారణలు కూడా చూశాను. రెండోదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. డప్పును మనవాళ్లెవరైనా నేర్చుకోవాలనుకుంటే, ఏ ఇంటి పిల్లలైనా సరే, కీబోర్డు మాస్టారుకు ఇచ్చే ఫీజే డప్పు గురువుకూ ఇవ్వవచ్చు. ఆ గురువు కొడుకు మాత్రం మెకానిక్ అవుతానంటే కానివ్వాలి.

పోయిన నెల మూడు వేలు జేబులో పెట్టుకుని, ఇంటావిడతో కలిసి ఆ బృందం పెద్ద ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి కూర్చోమన్నాడు. డబ్బు చేతిలో పెడితే లెక్కపెట్టి, "ఏ పెండ్లివి సారూ?" అన్నాడు. చెప్పాను. "గది అయిపోయిన బేరం గదా," అన్నాడు. కాదన్నాను. కాసేపు నోట్ల వైపు చూసి లోపలికి కేకేశాడు, భార్య వచ్చి తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టింది. టీ తాగుతూ ఈసారి మా విచారణ పండుగకు రావాలని అడిగాను. "వస్తం. ఇప్పుడు మనిషికి పదిహేను వందలు," అన్నాడు.

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. "కొంచెం" అనే మాట నా నోటి దాకా వచ్చింది. పక్కన ఇంటావిడ దగ్గింది. టీ గ్లాసు కింద పెట్టి, బయానా ఎంత ఇవ్వాలో అడిగాను.